గోదావరి ఊళ్ళో సంగటి తిన్న వేసవి

మా అనంతపురంలో ఎండాకాలం వచ్చిందని ట్యాంకరు హారన్ చెబుతుంది. బిందె పట్టుకుని వీధిలోకి పరిగెత్తడం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్న వ్యాయామం. ఇరవై ఏళ్ళకు పైగా ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెప్పి, గొంతు అరిగిపోయి, ఈ మధ్యే మానేశాను. ఇంట్లో ఖాళీగా కూర్చుని గోడలతో పోట్లాడుతుండగా ఒక పాత స్నేహితురాలు ఫోన్ చేసింది. పల్లెటూళ్ళలో పదో తరగతి పరీక్షలు రాసిన పిల్లలకి పాలిటెక్నిక్ ఎంట్రెన్స్ కోసం లెక్కలు చెప్పేవాళ్ళు కావాలట. జీతం ఉండదు. ఊళ్ళోనే ఒకరింట్లో ఉండాలి, వాళ్ళతో పాటే తినాలి, ఎంట్రెన్స్ అయ్యేదాకా కదలకూడదు. "రెండు ఊళ్ళున్నాయి. ఒకటి మీ కదిరి దగ్గర, ఇంకొకటి రామచంద్రపురం దగ్గర" అంది. ఆమె మాట పూర్తికాకముందే రామచంద్రపురం అనేశాను. పెద్ద ఆశయాలేమీ లేవు. గోదావరి కాలువ పక్కన ఒక్క వేసవి గడపాలన్నది నా ఆశ. కాలువ నిండా నీళ్ళు పారే ఊరు నాకు పరదేశం కిందే లెక్క. పాస్‌పోర్టు అక్కర్లేదు, భాష మనదే, అంతే తేడా.

స్టేషన్‌కి సాగనంపడానికి వచ్చిన మా అక్కది రైలు కదిలేదాకా ఒకటే పాట. "వాళ్ళు శానా మర్యాదస్తులు మే. నీ నోరు అసలే కత్తెర. ఏం పెట్టినా బాగుందను, ఏం చెప్పినా సరే అను. మన పరువు తీయొద్దు." నిజమే, మా వైపు మనసులో ఉన్నది నోట్లోకి రావడానికి మధ్యలో గేటు ఉండదు. ఈ ఒక్క వేసవికీ నోటికి తాళం వేసుకుంటానని అక్క చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాను. ఆ ఒట్టే తర్వాత నా కొంప ముంచింది కాబట్టి గుర్తుంచుకోండి.

అనంతపురంలో సాయంత్రం ఎక్కితే మర్నాడు పొద్దున రాజమండ్రిలో దింపే రైళ్ళున్నాయి. అన్నీ రోజూ నడవవు, చూసుకుని టికెట్ తీసుకోండి. స్లీపర్‌కి ఐదొందల చుట్టుపక్కల అవుతుంది. సెలవుల్లో అయితే నెలకు ముందే తీసుకోవాలి, లేకపోతే బాత్రూమ్ పక్కన నిలబడి గోదావరిని చూడాల్సి వస్తుంది. కొవ్వూరు దాటగానే పెట్టెలో అందరూ లేచి కిటికీల దగ్గర చేరారు. నేను తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. వంతెన మీద రైలు నడుస్తూనే ఉంది, కింద నీళ్ళు అయిపోవడం లేదు. పక్కనున్న ముసలమ్మ రూపాయి బిళ్ళ విసిరి దణ్ణం పెట్టుకుంది. నేనూ విసిరాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సిగ్గేముంది? ఏప్రిల్ నెలలో అన్ని నీళ్ళు ఒక్కచోట చూడడం నా జన్మలో అదే మొదటిసారి.

రాజమండ్రి స్టేషన్ నుంచి బస్ కాంప్లెక్స్‌కి ఆటో, అక్కణ్ణుంచి రామచంద్రపురం బస్సు. కడియం మీదుగా వెళ్ళేదే ఎక్కండి. గంటకు కాస్త అటూ ఇటూ పడుతుంది, టికెట్ యాభై చిల్లర. మన రాష్ట్రం ఆడవాళ్ళయితే ఆధార్ చూపిస్తే అదీ అక్కర్లేదు. ఎడమవైపో కుడివైపో అని వెతుక్కోకండి, కడియం వచ్చాక రెండు వైపులా నర్సరీలే. గులాబీలు, మందారాలు, ఎకరాలకు ఎకరాలు కుండీల్లో నిలబెట్టిన చెట్లు. ఏ రాష్ట్రానికో వెళ్ళే లారీల్లోకి ఆడవాళ్ళు వరసగా నిలబడి మొక్కలందిస్తున్నారు. మా పెరట్లో ఒక్క కరివేపాకు మొక్కను బతికించడానికి నేను అంట్లు కడిగిన నీళ్ళు మోసిన సంగతి గుర్తొచ్చి కొంచెం కుళ్ళుకున్నాను కూడా.

నేను వెళ్ళాల్సిన ఊరికి మధ్యలోనే దిగి షేర్ ఆటో ఎక్కాలి, మనిషికి ఇరవై రూపాయలు. ఊరి పేరు రాయను, నా రాతలు చదివి ఎవరో వెళ్ళి వాళ్ళ తలుపు తట్టడం నాకిష్టం లేదు. ఆటో అబ్బాయి నా సూట్‌కేసు తానే ఎత్తిపెట్టాడు. నేను ఉండాల్సింది రత్నంగారింట్లో.

"రత్నంగారిల్లు తెలుసా బాబూ? మొక్కల లారీ నడుపుతారు" అని అడిగాను.

"ఆయ్, తెలుసండి. కూర్చోండి మేడంగారు, ఇటు కూర్చోండి, ఎండ తగలదు."

"ఎంతసేపు పడుతుంది?"

"ఇదేనండి, ఇక్కడేనండి."

అక్కడే ఉన్న ఊరు అరగంటైనా రాలేదు. వచ్చాక అతను ఆటో ఆపి ఒకరిని, ముందుకెళ్ళి ఇంకొకరిని, చర్చి దగ్గర మరొకరిని రత్నంగారిల్లు ఎక్కడని అడిగాడు. "మరి తెలుసన్నావు?" అన్నాను, అక్కకి పెట్టిన ఒట్టు గుర్తొచ్చి గొంతు తగ్గించి. అతను నవ్వి, "అంత దూరం నుంచొచ్చారు కదండి. తెలీదంటే కంగారు పడతారనండి" అన్నాడు. సామాను గుమ్మందాకా మోసి, పైసా ఎక్కువ తీసుకోలేదు. ఈ ఊరి సంగతంతా ఆ అబ్బాయి మొదటి అరగంటలోనే చెప్పేశాడు, నాకే అర్థం కావడానికి మూడు వారాలు పట్టింది.

రత్నంగారిది రెండు గదుల డాబా, ముందు పంచ, వెనక రెండు కొబ్బరిచెట్లు. ఆయన లారీ ఎక్కితే వారం పది రోజులు ఇంటికి రారు. భార్య సువార్తమ్మగారు కడియం నర్సరీలో కవర్లలో మట్టి నింపే పనికి వెళతారు. రత్నంగారి తండ్రిని ఊరంతా తాతగారంటారు, నేనూ అదే అన్నాను. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు కెజియా అప్పుడే పదో తరగతి రాసింది, నేను చదువు చెప్పాల్సిన పదిమందిలో ఒకతె. ముందు గది నాకిచ్చేసి, కొత్త దోమతెర కట్టి, నలుగురూ పంచలోకి సర్దుకున్నారు. వద్దంటే వినరు. సువార్తమ్మగారు మంచినీళ్ళిస్తూ అసలు సంగతి చెప్పారు. "సీటొస్తే మూడేళ్ళలో దాని కాళ్ళ మీద అది నిలబడుద్దండి. ఇంటరు, ఆపైన డిగ్రీ అంటే అంతదాకా ఆగే స్తోమత మాకు లేదండి. రాకపోతే నాతోపాటు నర్సరీకేనండి." ఆ మాట అన్నది కూడా నవ్వుతూనే. కెజియా గుమ్మం పక్కన నిలబడి వింటోంది.

"సీటొస్తే తీసుకునేది కంప్యూటర్సే కదమ్మా?" అన్నారు రత్నంగారు లారీకి బయల్దేరుతూ.

"అవునండి నాన్నగారు" అంది ఆ పిల్ల.

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాను. నెయ్యి ఘుమఘుమలాడుతోంది. గోదావరి భోజనమంటే ఎన్ని విన్నాను! పనసపొట్టు కూరా, పప్పుచారా, మామిడికాయ వేసిన చేపల పులుసా అని లొట్టలేస్తుంటే, సువార్తమ్మగారు మూత తీసి కంచంలో పెట్టింది రాగిసంగటి ముద్ద. నా ముఖం వైపు ఆశగా చూస్తూ, "మీరు సీమవాళ్ళు కదండి. అన్నం పడదేమోనని ఫోన్‌లో చూసి నేర్చుకున్నానండి. ఎలా ఉందండి?" అన్నారు. చిన్నప్పుడు కరువు రోజుల్లో మూడు పూటలా తిని నాకు మొహం మొత్తిన వస్తువది. అందులో ఉండలున్నాయి. అది చాలదన్నట్టు, నోట్లో పెట్టుకుంటే తియ్యగా ఉంది. బెల్లం! సంగటిలో బెల్లం! మా అమ్మ బతికుంటే పోలీసు కేసు పెట్టేది. నేను అక్కను తలుచుకుని, "చాలా బాగుందండి" అన్నాను. అంతే, ఇంకో ముద్ద పడింది. మొహమాటం గురించి మనకో మోటు సామెత ఉంది, ఆడపిల్లలు చదివే చోట పూర్తిగా రాయకూడదు గానీ, నా పరిస్థితి అదే.

అలా మొదలైంది. పొద్దున ఏడింటి నుంచి పదింటిదాకా చర్చి పక్క హాల్లో క్లాసు, మళ్ళీ సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర. ఎండ కన్నా ఉక్కపోత చంపుతుంది అక్కడ, పల్చని నూలు బట్టలే తెచ్చుకోండి. పగలు తాటిముంజలు, కొబ్బరిబొండాలు ఎవరో ఒకరు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళేవారు, ఎవరని అడిగితే చెప్పేవారు కాదు. ఓ ఆదివారం నాకోసమని ఆత్రేయపురం మనిషిచేత పూతరేకులు తెప్పించారు. చీర చిరిగితే నేను చూసుకునేలోపే కుట్టి మడతపెట్టి ఉండేది. రోజూ రాత్రి ఎనిమిదింటికి పంచలో చాపేసి ప్రార్థన చేసుకునేవారు, అందులో నా పేరు, మా అక్క పేరు, ఆఖరికి మా ఊళ్ళో వర్షాల సంగతి కూడా వచ్చేది. ప్రార్థనయ్యాక సంగటి. రోజూ సంగటి. అందరికీ అదే. తాతగారు కట్టుడుపళ్ళతో ఆ ముద్దతో కుస్తీ పట్టి, తిన్నాక చేతికర్ర పట్టుకుని "తమ్ముడింటిదాకా వెళ్ళొస్తా" అని బయల్దేరేవారు. పెద్దాయనకి తమ్ముడంటే ఎంత ప్రేమో అనుకున్నాను.

ఇక నేను వచ్చిన పని, అదే, నీళ్ళు చూడడం. నేను వెళ్ళిన రెండో వారంలో కాలువ కట్టేశారు! ఏటా ఎండాకాలంలో పైనుంచి నీళ్ళాపేసి, గట్లూ లాకులూ బాగుచేసుకుంటారట. ఎవరైనా ముందే చెప్పొచ్చు కదా. పాపి సముద్రానికి పోయినా మోకాటి దాకానే నీళ్ళని ఊరికే అనలేదు. నాకైతే మోకాటి దాకా కూడా మిగల్లేదు, బురదలో నత్తలు మిగిలాయి. తిట్టుకుంటూ సాయంత్రాలు గట్టు మీద నడిచేదాన్ని. కెజియా రోజూ ఆ లాకుల దగ్గరే నిలబడి ఉండేది. పడవలు దాటడానికి, నీళ్ళు ఆపి వదలడానికి కట్టిన ఆ పాత ఇనుప తలుపులకు పనివాళ్ళు గ్రీజు పూస్తుంటే కన్నార్పకుండా చూసేది. "ఇంత బరువు నీళ్ళు వీటిమీద పడుతుంటే తలుపులెలా ఆగుతాయో కదండి" అంది ఒకరోజు. "అడుగు వాళ్ళని" అన్నాను. తల అడ్డంగా ఊపింది. "పనిలో ఉన్నారు కదండి, పాపం."

క్లాసులో ఆ పిల్లది ముందు బెంచీ. నేను బోర్డు మీద ఏది రాసినా తల ఊపేది. "అర్థమైందా?" అంటే పదిమందీ ఒక్క గొంతుతో "అర్థమైందండి" అనేవారు, అందరికన్నా గట్టిగా కెజియా. ఇరవై ఏళ్ళ సర్వీసులో అంత బుద్ధిమంతులు తగల్లేదు నాకు. స్నేహితురాలికి ఫోన్ చేసి గొప్పలు కూడా పోయాను. మూడో వారం చివర యాభై లెక్కలతో ఒక మోడల్ పేపరు పెట్టాను. దిద్దుతుంటే నాకు చెమటలు పట్టాయి. సగం దాటినవాళ్ళు లేరు. కెజియాకి పన్నెండు. ఎంట్రెన్స్ చూస్తే నెత్తిమీదికొచ్చేసింది.

పేపర్లిచ్చి కెజియా ముందు నిలబడ్డాను. "ఈ ట్రిగనామెట్రీ లెక్క నిన్ననే కదా చెప్పాను?"

"అవునండి."

"అర్థమైందన్నావు కదా?"

"బాగా చెప్పారండి."

"నేను బాగా చెప్పానా అని అడగలేదమ్మా. నీకు అర్థమైందా?"

ఆ పిల్ల తల దించుకుంది. నెమ్మదిగా అంది. "మీరు అంత దూరం నుంచి వచ్చి, జీతం లేకుండా, ఎండలో కష్టపడి చెప్తున్నారు కదండి. అర్థం కాలేదంటే మీరు బాధపడతారనండి." మిగతా తొమ్మిదిమందీ తలలూపారు. ఈసారి నిజంగానే అర్థమైనట్టు.

నాకు ఎవరిమీద కోపగించుకోవాలో తెలియలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ ఊళ్ళో అడక్కపోయినా అందరూ పెడతారు, అడగడమెలాగో పిల్లలకి తెలిసే అవకాశమేదీ? సీటు రాకపోతే ఈ పిల్ల మట్టి కవర్ల దగ్గరికి వెళుతుంది, అప్పుడు కూడా "పర్లేదండి" అంటుంది. ఆ ఊహకే నా కడుపు మండింది. ఆ మంటతోనే ఇంటికొచ్చాను, ప్రార్థనలో కూర్చున్నాను, కంచం ముందు కూర్చున్నాను. సువార్తమ్మగారు నవ్వుతూ గరిటె ఎత్తారు. సంగటి.

నోటి తాళం తెగిపోయింది.

"సువార్తమ్మగారూ, నాకు సంగటి వద్దండీ. నాకిది ఇష్టం లేదు. చిన్నప్పుడు తినీ తినీ మొహం మొత్తింది. దాంట్లో బెల్లం వేస్తే అసలు మింగలేను సామీ!"

గరిటె గాలిలో ఆగిపోయింది. కెజియా ముద్ద నోట్లోనే పెట్టుకుని నన్ను చూసింది. పంచలో ఫ్యాను తప్ప ఇంకేదీ వినిపించలేదు. అయిపోయింది, పరువు తీశాను, రేపు పొద్దున బస్సుకే వెళ్ళాలి అనుకున్నాను. అప్పుడు తాతగారు రెండు చేతులూ పైకెత్తి, "దేవునికి స్తోత్రం!" అన్నారు.

"మావయ్యగారూ!" అన్నారు సువార్తమ్మగారు.

"ఏం మావయ్యమ్మా? మూడు వారాల నుంచి మనసులో ప్రార్థన చేస్తున్నాను, ఈ ముద్ద మా మీంచి దాటించు ప్రభువా అని. ఇవాళ మేడంగారి నోటితో జవాబిచ్చాడు."

ముందు నవ్వింది సువార్తమ్మగారే. గరిటె కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వారు. "మరి రోజూ బాగుందన్నారు కదండి?"

"మీరు బాధపడతారని అన్నానండి. మీకు బాగుందా?"

"మాకా? మింగుతున్నామండి. మీ తిండి కదాని."

"మీరు వేరే వండుకోవచ్చు కదా!"

ఆ మాటకి ఆమె నవ్వు ఆపి నిజంగా ఆశ్చర్యపోయారు. "అదేంటండి? ఇంటికొచ్చిన మనిషికొకటి, మాకొకటా?" తర్వాత కొంచెం ఇబ్బందిగా అడిగారు. "సీమవాళ్ళకి చేప వాసన కూడా పడదంట, నిజమేనా అండి? అందుకని మీరొచ్చిన కాడ్నుంచి ఇంట్లోకి చేప రానివ్వలేదు. మావయ్యగారే పాపం తమ్ముడుగారింటికెళ్ళి తినొస్తున్నారు."

గోదావరి ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ళు, ముక్కూ మొహం తెలియని నాకోసం మూడు వారాలు ఇంట్లో చేప వండుకోలేదు. ఒక్కరు కూడా ముఖం చిట్లించలేదు. ఇంతటి మనుషుల మీదా నేను కోపం తెచ్చుకున్నది అని సిగ్గేసింది. చేపలంటే నాకు ప్రాణమని అప్పుడే చెప్పేశాను.

కెజియా మాత్రం నవ్వలేదు. కంచాలు తీస్తూ వాళ్ళమ్మను అడిగింది. "అమ్మా, మేడంగారు అలాగన్నందుకు నీకు బాధేసిందా?"

"బాధెందుకే? ముందే చెప్పుంటే ఆవిడకి ఇన్నాళ్ళూ కడుపు మాడేది కాదు కదా, అదే బాధ" అన్నారు సువార్తమ్మగారు. ఆ పిల్ల కంచాలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మర్నాడు క్లాసులో కొత్త రూలు పెట్టాను. రోజుకొక్కసారైనా "అర్థం కాలేదండి" అననివాళ్ళని ఇంటికి పంపనన్నాను. ఏమైందో తెలుసా? పదిమందీ ప్రతి లెక్కకీ "అర్థం కాలేదండి" అనడం మొదలుపెట్టారు. రెండూ రెండూ నాలుగన్నా అర్థం కాలేదండి! నాకు తిక్క రేగి, "నిజంగానేనా?" అని ఒకణ్ణి నిలదీస్తే, "మీరు అనమన్నారు కదండి, అనకపోతే బాగోదనండి" అన్నాడు. నెత్తి కొట్టుకోవాలో ముద్దు పెట్టుకోవాలో తెలియని పిల్లలు. మొత్తానికి ఓ సాయంత్రం నేను గడగడా బోర్డు నింపేస్తుంటే కెజియా లేచి నిలబడింది.

"మేడంగారండి. మీరు చాలా స్పీడుగా చెప్తారండి. ఒకటి రాసేలోపు రెండోది చెరిపేస్తారండి. నాకు… మొదటి రోజు నుంచీ అర్థం కాలేదండి."

అబద్ధమెందుకు, చెంప ఛెళ్ళుమన్నట్టే ఉంది. నన్నింతవరకు ఎవరూ అలా అనలేదు. అయినా డస్టర్ తీసుకుని బోర్డు మొత్తం తుడిచేసి, "మొదటి రోజు దగ్గర్నుంచే మొదలుపెడదాం, కూర్చోమ్మా" అన్నాను. ఆ పిల్ల కూర్చుని ఏడ్చేసింది. ఏడుస్తూనే పెన్ను మూత తీసింది.

అక్కణ్ణుంచి పని వేరేగా నడిచింది. నేను ఒక్కో మెట్టు దగ్గర ఆగేదాన్ని, వాళ్ళు ఆపేవారు. ట్రిగనామెట్రీకి అందరినీ ఎండిన కాలువలోకి దింపాను. లాకు తలుపు ఎత్తెంతో ఎక్కకుండా, తాకకుండా కనుక్కోండన్నాను. అడుగులతో దూరం కొలిచి, అట్టముక్కతో కోణం చూసి, బురదలో పుల్లతో లెక్క చేశారు. కెజియా ముందు చేసింది. లాకుల దగ్గర పనిచేసే లస్కరుని తనే పిలిచి, "సరిగ్గా ఎంతుంటదండి?" అని అడిగింది. ఆయన చెప్పిన దానికీ దీని లెక్కకీ జానెడే తేడా. అప్పుడిక ఆగలేదు. తలుపులెలా తెరుస్తారు, బరువెలా ఆగుతుంది, ఎవరు కట్టారని ఆయన్ని ఊపిరాడనివ్వలేదు. కాలువ కట్టేశారని నేను తిట్టుకున్న తిట్లన్నీ ఆ సాయంత్రం వెనక్కి తీసుకున్నాను. ఇంటికొచ్చేసరికి మామిడికాయ వేసిన చేపల పులుసు కాగుతోంది. తాతగారు తమ్ముడింటికి వెళ్ళడం పూర్తిగా మానేశారు.

ఎంట్రెన్స్ రోజు పొద్దున పిల్లలందరినీ ఒకే ఆటోలో కుక్కి పంపాం. సాయంత్రం వాళ్ళు తిరిగొచ్చాక, "ఎలా రాశారు?" అంటే, ఒకడు "ఆరు లెక్కలు రాలేదండి" అని నిక్కచ్చిగా చెప్పాడు. రాలేదని అంత ధైర్యంగా చెప్పినందుకు వాడికి నా వాటా పూతరేకు ఇచ్చేశాను. రెండు రోజుల తర్వాత నేను బయల్దేరాను. సువార్తమ్మగారు నర్సరీకి సెలవు పెట్టి రాజమండ్రి స్టేషన్ దాకా వచ్చారు. చేతిలో ఆవకాయ జాడీ, ఒక సంచిలో రెండు మల్లె మొక్కలు. రైలు కదులుతుంటే, "కెజియాకి వస్తుందంటారా అండి?" అన్నారు. "తెలియదండి" అన్నాను. నేర్చుకున్నది నేను కూడా పాటించాలి కదా. ఆమె నా చెయ్యి గట్టిగా నొక్కి వదిలారు.

ర్యాంకులొచ్చాయని విన్నాక కూడా నాకు ఫోన్ రాలేదు. కౌన్సెలింగ్ అయ్యేదాకా చెప్పకూడదనుకున్నారట. నేను బిందెతో ట్యాంకరు దగ్గర నిలబడి ఉండగా మోగింది. "మేడంగారండి, సీటొచ్చిందండి. కాకినాడండి" అంది కెజియా. నేను అరిచిన అరుపుకి ట్యాంకరు డ్రైవరు పైపు వదిలేశాడు. "కంప్యూటర్సేనా?" అన్నాను.

"నాన్నగారు అదే పెట్టమన్నారండి. అందరూ అదేనన్నారండి." తర్వాతి మాట గట్టిగా అంది. "నాకిష్టం లేదని చెప్పానండి. సివిల్ పెట్టానండి. లాకులు కట్టాలండి."

"మరి నాన్నగారు ఏమన్నారు?"

"రోజంతా మాట్లాడలేదండి. మర్నాడు పొద్దున్నే లారీ ఎక్కేటప్పుడు, సివిలోళ్ళు పెట్టుకునే హెల్మెట్ కొనాలా అనడిగారండి." వెనక నుంచి తాతగారి గొంతు "స్తోత్రం!" అని వినిపించింది.

అక్కడి నుంచి వచ్చాక నన్ను చాలామంది అడుగుతున్నారు, అంత మర్యాద నిజమేనా, పైపైదేనా అని. నిజమేనండి, నేను తిన్న సంగటి సాక్షిగా. ఎదుటి మనిషి నొచ్చుకుంటాడని తన నాలుకని మూడు వారాలు కట్టేసుకునే మనుషులు ఎక్కడ దొరుకుతారు? మా సూటిదనం గొప్పదని నేనిన్నాళ్ళూ మురిసిపోయాను. అది ఒక్కటే చాలదని అక్కడ తెలిసింది. ఉన్నమాట అనడానికి నోరుంటే చాలు. అది విన్నాక కూడా నొచ్చుకోకుండా, "ముందే చెప్పాల్సింది కదండి" అనడానికి సువార్తమ్మగారంత మనసుండాలి. ఆ ఇంట్లో అలాంటి మనసుంది కాబట్టే కెజియా నోరు విప్పగలిగింది. నేను చేసిందల్లా సంగటి వద్దనడం. ఆమె ఇచ్చిన మల్లె మొక్కలు రెండింట్లో ఒకటి మా ఎండకి పోయింది, రెండోది ఇప్పుడిప్పుడే చిగురేస్తోంది.

మీరూ ఇలా ఒక గోదావరి ఇంట్లో ఉండడానికి వెళుతుంటే ఒక్క సలహా. వడ్డించేటప్పుడు "చాలండి" అంటే ఎవరూ ఆగరు, చెయ్యి అడ్డం పెట్టినా ఆగరు. నచ్చనిది మొదటి రోజే "నచ్చలేదండి" అని చెప్పేయండి. ఒక్క నిమిషం ఇల్లంతా నిశ్శబ్దమైపోతుంది. భయపడకండి. ఆ తర్వాత చేపల పులుసు వస్తుంది.